దొరకి తోడు చేపలు

అక్టోబరు 20, 1991. ఆదివారం. బరంపురం.

ఇవాళ నేను పెళ్ళిచూపులకి వెళ్ళాను. వాళ్ళు రావడం కాదు, నేనే వెళ్ళడం. రిక్షాలో నా పక్కన కూర్చుని అమ్మ గొణుగుతూనే ఉంది. "ఆడపిల్లోళ్ళు ముందు ఎల్లడమేటే, నలుగురూ ఏటనుకుంటారు?" అని. ముప్పైఆరేళ్ళ ఆడపిల్ల విషయంలో ఎవరు ముందు వెళ్తే ఏమిటి? నాకు చూడాలనిపించింది, వెళ్ళాను.

ఆయన పేరు సోమేశ్వరరావు. పెద్ద పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. భార్య పోయి మూడేళ్ళు. పదమూడేళ్ళ కూతురు ముత్యాలు. ఆయన తల్లి కాసులమ్మ గారిది పాత్రపూర్ దగ్గర పల్లె, ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంటోంది. మనిషి బాగున్నాడు. బాగున్నాడంటే, నెమ్మదస్తుడిలా ఉన్నాడు, అంతే. చేతులు కూడా బాగున్నాయి. టీ గ్లాసు అందించినప్పుడు చూశాను. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

అసలు విశేషం వాళ్ళ ముందుగదిలో ఉంది. గోడ పొడుగునా అద్దాల తొట్టి. అంత తొట్టిలో ఒకే ఒక్క చేప! నల్లటి ఒళ్ళు, మధ్యమధ్య ఎర్రటి మచ్చలు, నా జానెడు కంటే పొడుగు. నేను కుర్చీలో కూర్చోగానే అద్దం దగ్గరికి వచ్చి నన్ను కింది నించి మీదిదాకా చూసింది. నిజంగా చూసింది. పెళ్ళికొడుకు కూడా అంత పరీక్షగా చూడలేదు. దాన్ని ఆస్కార్ చేప అంటారట. పేరు దొర. ముత్యాలు వాళ్ళమ్మ వేలెడంత పిల్లగా తెచ్చి పెంచిందట.

ముత్యాలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండు వేళ్ళతో ఎండు రొయ్య పట్టుకుని నీళ్ళ మీద పెట్టింది. దొర ఎగిరి అందుకున్నాడు. నేను "అబ్బ!" అన్నాను గట్టిగా. పిల్ల ఒకసారి తలతిప్పి చూసింది.

వచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చాడు. "నాకిష్టమేనండి. కానీ ముత్యాలు ఊఁ అంటేనే. పంతులుగారు డిసెంబరు పన్నెండు మంచిదన్నారు. కార్తీక పున్నమి దాటాక ఏ సంగతో చెప్పమన్నారు" అన్నాడు.

"ఆ గుంట ఊఁ అనాలా? ఏటి ఇడ్డూరం!" అంది అమ్మ రిక్షాలో.

నాకేం తొందర లేదు. ఇన్నాళ్ళూ లేని పెళ్ళి ఇప్పుడు కాకపోతే కొంపేం మునిగిపోదు.

డిసెంబరు పన్నెండు గురువారం అవుతోంది. ఊరికే క్యాలెండరు చూశాను.

అక్టోబరు 22

ట్రంకు ఎక్స్ఛేంజిలో ఇవాళ కటక్ లైను అడిగినవాళ్ళకి విజయనగరం కలిపాను. రెండుసార్లు.

అక్టోబరు 26, శనివారం

నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పిల్ల మనసు అందాలంటే ముందు చేప మనసు అందాలి. అంత తొట్టిలో దొర ఒక్కడూ గోడలు చూసుకుంటూ తిరుగుతున్నాడు కదా, వాడికి తోడు తీసుకెళ్తే!

గేట్ బజారులో బట్టల కొట్ల వెనక సందులో జగ్గన్న అని ఒకడు రంగు చేపలు అమ్ముతాడు. "ఆస్కార్ చేపతో ఏవి కలుస్తాయయ్యా?" అని అడిగాను. "సేపలన్నీ ఒకటే జాతమ్మా, కలవక ఏటి సేస్తాయి? మాది గేరంటీ" అన్నాడు. తోకలు విసనకర్రల్లా ఉన్న బుల్లి బుల్లి గప్పీలు చూపించాడు. డజను కట్టించుకున్నాను. ప్లాస్టిక్ సంచీలో అవి మెరుస్తుంటే నేను రిక్షాలో తెగ మురిసిపోయాను.

ముత్యాలు సంచీ చూసి, "ఇవి దొరకా?" అంది. మొదటిసారి నాతో మాట! "అవును, తోడు" అన్నాను. పిల్ల కళ్ళు చక్రాల్లా అయ్యాయి. "వెయ్యండి, వెయ్యండి" అని తనే పరుగెత్తుకెళ్ళి మూత తీసింది. ఎంత సంబరపడిందో అనుకున్నాను.

ఖాళీ సంచీ మడిచేలోపు డజనూ అయిపోయాయి. దొర నోరు చప్పరించి మళ్ళీ నా వంక చూశాడు, ఇంకా ఉన్నాయా అన్నట్టు.

ముత్యాలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరి సెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదా. మీరు తోడన్నారు. దొర టిఫిననుకున్నాడు."

నాకు ముక్కు మీద కోపం. ఎక్స్ఛేంజిలో అందరికీ తెలుసు. కానీ ఏం చేస్తాం, నాకూ నవ్వొచ్చేసింది. ఇద్దరం నవ్వుతుంటే కాసులమ్మ గారు వంటింట్లోంచి వచ్చి, "ఏటైనాది, ఏటైనాది?" అని తిరిగింది.

అప్పుడు ముత్యాలు నవ్వు ఆపి అంది. "అమ్మ కూడా మూడుసార్లు తోడు తెచ్చింది. మూడుసార్లూ తినేశాడు. మీరు తెచ్చిన తోడు పున్నం దాకా దొరతో బతికితే నాను ఊఁ అంటాను. లేకపోతే లేదు."

"ముత్యాలూ!" అన్నాడు సోమేశ్వరరావు గారు.

"సరే" అన్నాను నేను. చెయ్యి చాచాను. పిల్ల చెయ్యి కలిపింది. తడిగా, ఎండు రొయ్యల వాసనతో ఉంది ఆ చెయ్యి.

అక్టోబరు 27

ఇది పెళ్ళి కోసం కాదు. పంతం కోసం.

నవంబరు 2, శనివారం

మళ్ళీ జగ్గన్న. "సిన్నవి పట్టుకెల్తే తినేయడేటమ్మా? పెద్దవి పట్టుకెల్లండి, నోట్లో పట్టవు" అన్నాడు. మొన్న గేరంటీ ఇచ్చిన నోరే. కానీ మాట సబబుగా ఉంది. రెండు గోల్డు చేపలు తీసుకున్నాను. నారింజపండు రంగు, బొజ్జలు, నడిస్తే ఒళ్ళంతా ఊగే పెళ్ళిపెద్దల్లా ఉన్నాయి.

పొద్దున్న వేశాం. దొర ఊరికే చూస్తూ కూర్చున్నాడు. నేను చంకలు గుద్దుకున్నాను. కాసులమ్మ గారు నాకు ఉప్మా పెట్టింది. సోమేశ్వరరావు గారు కుర్చీ దగ్గరగా జరుపుకుని, "కుదిరినట్టే ఉంది" అన్నాడు. ఆ 'కుదిరినట్టే' దేని గురించో నేను అడగలేదు.

ఉప్మా తిని చూసేసరికి ఒకదానికి తోక లేదు. పాపం అవి తొందరగా తిరగలేవు. ఆ పొడుగు తోకలు అడ్డం. దొర నింపాదిగా వెనకాలే వెళ్ళి, కత్తిరించుకుంటూ వచ్చాడు. ఒకటి చచ్చిపోయింది. రెండోదాన్ని ముత్యాలే వలతో తీసి బకెట్లో వేసింది. ఈసారి నవ్వలేదు. "దీన్ని మీరు పట్టుకెల్లిపోండి, పాపం" అని బకెట్టు నా చేతికిచ్చింది.

ఇప్పుడది మా వంటింటి అరుగు మీద బేసినులో ఉంది. "ఇది పులుసుకా, పూజకా?" అని అడుగుతోంది అమ్మ.

నవంబరు 3

తోక లేకుండానే తిరుగుతోంది. తిండి కూడా తింటోంది. దానికున్న ధైర్యం నాకుంటే బాగుండును.

నవంబరు 6

ఇవాళ్టి సంగతి రాసేదాకా చెయ్యి ఆగడం లేదు.

కలకత్తా ట్రంకు ఆపరేటరు బీణా. ఆమెని నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం ఎన్నో ఏళ్ళ పరిచయం. లైను ఖాళీగా ఉన్నప్పుడు హిందీలో ఆ కబురూ ఈ కబురూ చెప్పుకుంటాం. దీపావళి మర్నాడు కదా, బుకింగులు పల్చగా ఉన్నాయి. "బీణా, ఆస్కార్ చేపతో పాటు ఏ చేప బతుకుతుంది?" అని అడిగాను. అటు ఒకటే నవ్వు. నవ్వి, "ఉండు, మా బావగారు చేపల పిచ్చోడు. ఇంటినిండా తొట్లే" అని ఆయన్ని లైనులోకి కలిపేసింది!

ఆ పెద్దమనిషి ఎంత చక్కగా చెప్పాడో. చేపలకి తోడు వెతికేటప్పుడు రంగూ రూపూ చూడకూడదట. ముందు పాత చేప నోరు చూడాలట. ఆ నోట్లో పట్టేదేదీ తోడు కాదు, తిండి. మందకొడివి వద్దు, తోకలు పొడుగువి వద్దు, చల్లనీళ్ళు కావలసిన గోల్డు చేపలు అసలే వద్దు. బిళ్ళలా వెడల్పుగా ఉండి, చురుగ్గా తిరిగేవి కావాలి. సిల్వర్ డాలర్ అని ఉంటాయట, అవి వెయ్యమన్నాడు. అదీ ఒకటి కాదు, మూడన్నా ఉండాలి. ఒకటే ఉంటే కోపమంతా దాని మీదే చూపిస్తాడు, మూడుంటే ఎవరి వెంట పడాలో తేలక ఊరుకుంటాడు.

ఇంకా చెప్పాడు. దొర ఎన్నాళ్ళుగానో ఒక్కడే ఉన్నాడు కాబట్టి నీళ్ళన్నీ తనవే అనుకుంటాడు. కొత్తవాటిని వేసే ముందు లోపలి రాళ్ళన్నీ స్థలం మార్చెయ్యాలి. తన మూల ఏదో తనకే తెలియకుండా పోవాలి. ముందు వాడి కడుపు నింపాలి. దీపం తీసెయ్యాలి. "ఒక్కటి మరచిపోకండి, వాణ్ణి ఆకలితో ఉంచకండి. ఆకలేస్తే వాడికి ఎవరూ గుర్తుండరు" అన్నాడు.

మా సూపర్వైజరు భీమేశ్వరరావు గారు నా వెనక వచ్చి నిలబడ్డాడు. "ఎవరితోనమ్మా అంతసేపు?" అన్నాడు. "లైను టెస్టింగండీ" అన్నాను. గొంతు కూడా తడబడలేదు!

నవంబరు 9

"సిల్వర్ డాలరా? అవి హౌరా నించి రైల్లో రావాలమ్మా. అంతదాకా ఇంకో జత గోల్డు సేపలు..." అన్నాడు జగ్గన్న.

నేను వాడి వంక చూశాను. నోరు మూసుకుని ఆర్డరు రాసుకున్నాడు.

నవంబరు 14, గురువారం

వచ్చాయి! సెలవు పెట్టి జగ్గన్నతో పాటు స్టేషనుకి నేనే వెళ్ళాను. అట్టపెట్టె, అందులో గాలి పట్టించిన సంచీలు. మూడు చేపలు, అరచేయంత, పలచగా, వెండి పళ్ళేల్లా ఉన్నాయి. కాస్త అలికిడి అయితే చాలు, మూడూ ఒక్కసారి మలుపు తిరుగుతాయి.

ముత్యాలు బడి నించి వచ్చేదాకా ఆగాను. ఇద్దరం చేతులు మోచేతుల దాకా ముంచి రాళ్ళు మార్చాం. ఎడమవి కుడికి, కుడివి మధ్యకి. దొర నా వేళ్ళు పొడిచాడు. "మీరంటే భయం లేదు ఈడికి" అంది ముత్యాలు. తరువాత రొయ్యలు పెట్టింది, వాడు ఇంక చాలని మొహం తిప్పుకునేదాకా పెట్టింది. దీపం ఆర్పేశాం. సంచీ నీళ్ళ మీద తేలేసి, నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి, మెల్లగా వదిలాం.

ముగ్గురం చీకటి గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. సోమేశ్వరరావు గారు, నేను, మధ్యలో ముత్యాలు. దొర ఒకసారి దూకాడు. మూడూ తప్పుకున్నాయి. మళ్ళీ దూకాడు. మళ్ళీ తప్పుకున్నాయి. ఆ తరవాత ఏ మూలకి పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు. ముత్యాలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తను పట్టుకున్నట్టు తనకి తెలియదు. నేను కదలకుండా కూర్చున్నాను.

నవంబరు 15

బతికున్నాయి! ఆయన పోస్టాఫీసు నించి ఫోను చేసి చెప్పాడు.

నవంబరు 16

బతికున్నాయి. ఎక్స్ఛేంజి నించి వస్తూ గేట్ బజారులో పట్టుచీరలు చూశాను. చూశాను, అంతే. ఆకుపచ్చది, ఎర్ర అంచుది, పక్కన పెట్టమన్నాను.

నవంబరు 17, ఆదివారం

గురువారం సెలవు పెట్టినందుకు ఇవాళ్టి నించి వరసగా డ్యూటీ. వాళ్ళింటికి వెళ్ళడం కుదరదు. ఆయన ఆఫీసు పని మీద ఛత్రపూర్ వెళ్తున్నాడట, ఫోనూ ఉండదు. ఫరవాలేదు, ఇంక భయమేముంది?

పంచకం మొదలయింది. వీధిలో చేపలమ్మే వాళ్ళెవరూ రాలేదు. ఈ ఊళ్ళో పున్నమి ముందు అయిదు రోజులూ నీసు కనబడదు. వంకాయ కూరతో సరిపెట్టాం.

నవంబరు 19, మంగళవారం

రెండు దాటాక బుకింగు లైటు వెలిగింది. "ట్రంకు బుకింగ్" అన్నాను. అటు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మీరేనా? నాను ముత్యాలుని. ఇంటిగలోళ్ళ ఫోను నించి మూడుసార్లు సేశాను, ఎవురెవురో ఎత్తేరు. బేగి రండి. దొర ఒకదాన్ని సంపేశాడు. రెండోదాని కన్ను పీకేశాడు. బేగి రండి."

హెడ్‌సెట్టు తీసి పడేశాను. భీమేశ్వరరావు గారితో, "మావాళ్ళింట్లో ఒకరికి సీరియస్సండీ, దొరగారికి" అన్నాను. "అయ్యో, ఎల్లండి, ఎల్లండి" అన్నాడు ఆయన. నిజంగానే గుండె దడదడలాడుతోంది, అబద్ధంలా వినిపించి ఉండదు.

వెళ్ళేసరికి ముత్యాలు వల చేత్తో పట్టుకుని తొట్టి ముందు నిలబడి ఉంది. చచ్చినదాన్ని బాదంచెట్టు ఆకులో పెట్టింది. నీళ్ళలో మెతుకులు, పెసరబద్దలు తేలుతున్నాయి. నెయ్యి కూడా.

అప్పుడు తెలిసింది నాకు.

"పంచకం గదమ్మా" అంది కాసులమ్మ గారు. గోడకి చేరబడి కూర్చుని ఉంది. "ఇంట్లోకి ఎండు రొయ్యలు రానివ్వలేదు. పెసరపప్పు, అన్నం ఉడకబెట్టి పెట్టాను. నెయ్యి ఏశాను. నాను తిన్నదే ఈడికీ పెట్టాను. ఈ అయిదు రోజులూ కొంగయినా సేప జోలికెల్లదంటారు గదా, ఈడు మాత్రం ఆగలేడేటి అనుకున్నాను."

ఇంకెవరైనా అయితే అరిచేసేదాన్ని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ముసలామె కళ్ళ నిండా నీళ్ళు. "పంచకంలో నా ఇంట్లో ఇంత పాపం జరిగినాది. ఆకలితో సేసినాడు. నా వల్లే సేసినాడు" అంటోంది. కలకత్తా పెద్దమనిషి అంత గట్టిగా చెప్పిన మాట నేను ఈమెకి చెప్పలేదు. ముత్యాలుకీ చెప్పలేదు. అంతా నాకొక్కదానికే తెలిస్తే చాలనుకున్నాను.

ముత్యాలు నా వంకే చూస్తోంది. రొయ్యలు తెమ్మంటే కాసులమ్మ గారి నియమం పోతుంది. తేవద్దంటే మిగిలిన రెండూ పోతాయి.

"ఇంట్లోకి నీసు రాకూడదు, అంతే గదండీ? దొరనే ఇంట్లోంచి పట్టుకెల్తాను" అన్నాను.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. మాది సికాకుళం పద్ధతి. సోమవారాలే ఉంటాం, పంచకం లేదు."

కాసులమ్మ గారు కళ్ళు తుడుచుకుని లేచి, లోపలినించి తన పెళ్ళినాటి ఇత్తడి గంగాళం తనే దొర్లించుకుంటూ తెచ్చింది.

రిక్షాలో నేనూ ముత్యాలూ, కాళ్ళ మధ్య గంగాళం, దాని మీద తడిగుడ్డ. ప్రతి గతుకుకీ దొర లోపల ధడేల్మంటున్నాడు. ముత్యాలు రెండు చేతులా గంగాళాన్ని కావలించుకుంది. గేట్ బజారు దగ్గర జనంలో చిక్కుకున్నాం. అదేదో పూజ సామానమనుకుని ఒక ముసలమ్మ గంగాళానికి దణ్ణం పెట్టింది! ముత్యాలు నా భుజంలో మొహం దాచుకుని నవ్వింది. చెంపల మీద ఏడ్చిన చారలు ఇంకా ఆరలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇదేటే, సేపని కూడా కాపరానికి తెచ్చీసినావు?" అంది.

నవంబరు 20

ముత్యాలు ఇక్కడే ఉంది. ఛత్రపూర్ నించి వచ్చి ఆయనా చూసి వెళ్ళాడు. దొర రొయ్యలు తిని గంగాళంలో బుద్ధిగా ఉన్నాడు. వంటింట్లో తోక లేని గోల్డు చేపని చూసి, "ఇది బతికే ఉందా!" అని ముత్యాలు అరిచిన అరుపుకి అమ్మ చేతిలో గరిటె పడిపోయింది.

నవంబరు 21, పున్నమి

తెల్లారగట్ల అందరూ చెరువులకి వెళ్ళి దీపాలు పెట్టిన బుల్లి పడవలు వదిలారు. మేం అరటిదొప్పతో పడవ చేసి, దీపం లేకుండా, గంగాళంలోనే వదిలాం. దొర ఒక్క కాటుతో ముంచేశాడు.

మూడింటిలో ఒకటి పోయింది. ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను. ముత్యాలు ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కొట్లో పక్కన పెట్టించిన పట్టుచీర ఇంకా ఉందో లేదో.

నవంబరు 22, శుక్రవారం

అన్నీ వరసగా రాయాలి.

ఇవాళ ఛాడఖాయ్. నియమాలు తీరిపోయాయి, ఊరంతా చేపలు, మాంసం. కాసులమ్మ గారే పొద్దున్నే ఎండు రొయ్యలు కొనిపించిందట. సాయంత్రం దొరని వెనక్కి తీసుకెళ్ళాం.

మిగిలిన రెండు సిల్వర్ డాలర్లూ ఈ మూడు రోజుల్లో తొట్టంతా తమదే చేసేసుకున్నాయి. ఒంటికన్నుది కూడా! ముత్యాలూ నేనూ మళ్ళీ రాళ్ళు మార్చి, దొరని వదిలాం. వాడు దూకుతాడని వల పట్టుకుని సిద్ధంగా ఉన్నాం. దూకలేదు. వెళ్ళి మూల నక్కాడు. ఆ రెండూ వచ్చి వాణ్ణి చూసి వెళ్ళాయి. అంత దొరా కొత్తకోడల్లా తలొంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి లేచి, వాటి వెనకే, వాటిని ముట్టకుండా, ఒక చుట్టు తిరిగొచ్చాడు. ముగ్గురూ ఒకే నీళ్ళలో తిరుగుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. తెలుసు.

"అమ్మ మూడుసార్లు తేలేదు" అంది ముత్యాలు, తొట్టి వంకే చూస్తూ. "ఒక్కసారీ తేలేదు. తెస్తానంటే నానే ఒద్దన్నాను. మీరు ఓడిపోవాలని అలగ సెప్పాను."

"పోనీలే. ఓడిపోయాను గదా" అన్నాను.

"మీరు మా ఇంటికి రావద్దు."

చీర, డిసెంబరు పన్నెండు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఫరవాలేదు అనబోయాను.

"ఈ ఇంట్లో గరిటి కాడి నించి అన్నీ అమ్మవే" అంది పిల్ల. "మీరు ఏది ముట్టుకున్నా నాకు కోపం వస్తాది. ఒద్దనుకున్నా వస్తాది. మొన్న మీరు ఉప్మా పళ్ళెం ఎత్తితేనే వచ్చినాది. మీ ఇంట్లో మూడు రోజులున్నాను. ఒక్కసారీ రాలేదు. అందుకే మీరు రావద్దు. మేవే మీ ఇంటికి వచ్చేస్తాం. నాను, నాన్న, నాయనమ్మ, దొర."

నేను పిల్లని దగ్గరికి లాక్కున్నాను. బిగుసుకుపోయి నిలబడింది కానీ విడిపించుకోలేదు.

"ఇల్లరికమేటే! ఈ వయసులో నా కొడుకు ఇల్లరికం ఎల్తాడేటే?" అంది వెనకనించి కాసులమ్మ గారు.

తిరిగి చూస్తే ఆమె పక్కనే సోమేశ్వరరావు గారు. అంతా విన్నాడు. నా వంక చూశాడు, తొట్టి వంక చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నవంబరు 23

కబురు లేదు.

నలభై దాటిన మనిషి, పదిమందికీ తెలిసిన మనిషి, భార్య ఇంటికి పెట్టే బేడా సర్దుకుని రావడమంటే మాటలా? నేనైతే రమ్మని అడగను. ముత్యాలు అడిగింది. అది చాలు నాకు. నిజంగా చాలు.

చాలదు.

అమ్మ పొద్దంతా "నలుగురూ నవ్వుతారే, నలుగురూ నవ్వుతారే" అంటూనే ఉంది. సాయంత్రం మాత్రం, "అయితే ఆ పెద్దావిడికి ఏ గది ఇద్దామనే?" అని అడిగింది.

నవంబరు 24, ఆదివారం

పొద్దున్నే సైకిలు ఆగిన చప్పుడయింది. ఆయన. ఒక్కడే. అమ్మకి నమస్కారం పెట్టి, జేబులోంచి దర్జీ టేపు తీసి, మా వీధి తలుపు కొలవడం మొదలుపెట్టాడు. పైన కొలిచాడు, మధ్యలో కొలిచాడు, వంగి కింద కొలిచాడు. నేను పిండి చేతులతో వచ్చి నిలబడిపోయాను.

"ఏం కొలుస్తున్నారు?"

"తొట్టీ దాని కింద బల్లా ఒకటేనండి. వడ్రంగి కలిపి బిగించేశాడు. విడదీస్తే అద్దం నిలవదు." మళ్ళీ కొలిచాడు. "రెండంగుళాలు తక్కువొస్తోంది."

ఏదో అడగాలి కాబట్టి, "మరి మీ అమ్మగారు?" అన్నాను.

"రాత్రి పెట్టె సర్దుకుంటుంటే పాత్రపూర్ వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. 'ఆళ్ళింట్లో పంచకం అయిదు రోజులూ నా పొయ్యి వేరు, ముందే సెప్పీ' అంది."

"నలుగురూ ఏదో ఒకటి అంటారండీ" అన్నాను. అమ్మ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో!

"అంటారు. కౌంటరు అవతల నిలబడి రోజూ అంటూనే ఉంటారు" అన్నాడు ఆయన. టేపు చుట్టుకుంటూ తలుపు వంక అనుమానంగా చూశాడు. "రెక్కలు రెండూ ఊడదీస్తే సరిపోతుంది. కానీ కమ్ములు పాతవి. మళ్ళీ అలాగే బిగుస్తాయో లేదో చెప్పలేను."

"ఆ తలుపు మీ నాన్న దగ్గరుండి సేయించినాడే" అంది అమ్మ లోపలినించి.

"ఊడదీయండి" అన్నాను.